మంత్రానికీ హద్దు ఉండాలె

పోయిన నెల ఇదే గోడ పత్రికలో నేను రాసిన మాంత్రికుడి కథ చదివి, చెరకు కొట్టేవాళ్ళ ఇంటి తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, నీ మాంత్రికునికి అన్నీ చేతనైతే, చెరకాకు మా అమ్మ చేతులెందుకు కోస్తున్నది?" నాకు జవాబు దొరకలేదు. తరువాత ఆలోచించిన.

మన బోధన్‌నే ఏకచక్రపురమని పెద్దలంటరు. బకాసురునికి ఎంత బలమున్నా ఒక కట్టుబాటు ఉండె: వంతు ప్రకారం బండెడన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఆ కట్టుబాటు వల్లనే భీముడు బండి తోలుకొని పోగలిగిండు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉంటది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' సినిమాలో బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటది.

కాబట్టి కథ రాసేవారు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలె:

1. మంత్రం ఏం చేయగలదు?
2. ఏం చేయలేదు?
3. దానికి మూల్యం ఎవరు చెల్లిస్తరు?

రాసుకున్న నియమం మధ్యలో మార్చవద్దు. మారిస్తే చదివేవారు నమ్మరు.

ఇప్పుడు నా మాంత్రికుడు చెరకులో తీపి పెంచగలడు, కాని ఒక్క గడ కూడా కొట్టలేడు. దానికి అమ్మ చేతులే కావాలె. కథ మళ్ళీ రాస్తున్న. మొదట ఆ తమ్ముడికే చూపిస్త.