యంత్రము ప్రక్కన తోడు

ఒక ఉన్నత పాఠశాల. ప్రధానోపాధ్యాయుని గదిలో గోడవారగా బీరువా. అందులో గుడ్డ కప్పి, తాళము వేసి భద్రపరచిన ప్రొజెక్టరు. "దీనిని వాడుట లేదా?" అని అడిగితిని. "వాడవలెననియే ఉన్నదండీ. చెడిపోయినచో జవాబు చెప్పవలసినది మేము గదా!" అన్నారు సైన్సు బోధించు ఉపాధ్యాయిని. క్షణమాగి, గొంతు తగ్గించి, "అదియుగాక, పిల్లలయెదుట తడబడినచో మాకేమి గౌరవముండును?" అన్నారు.

అసలు సంగతి ఈ రెండవ మాటలో ఉన్నది. ఆమె శిక్షణ పొందనివారు కారు. తీగె యెచ్చట తగిలించవలెనో, మీట యెచ్చట నొక్కవలెనో మూడు దినములు నేర్పించి పంపినారు. మరునాటినుండి నలుబదిమంది పిల్లల నడుమ ఆమె ఒంటరివారైరి.

మన తరగతి గదులకు యంత్రము క్రొత్త కాదు. రేడియో పాఠములు స్వాతంత్ర్యమునకు పూర్వమే ఆరంభమైనవి. 1961లో ఢిల్లీలో పాఠశాలలకు టెలివిజను పాఠములు మొదలైనవి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు సైట్ అను ప్రయోగము నడచినది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు టెలివిజను చేరినది. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చుచుండెడివి. ఆ యేడాదిలోనే దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చిరి. ఆ శిక్షణను తెరకే వదలివేయలేదు. రేడియో ప్రసంగములు, అచ్చు పుస్తకములు, చేతితో చేయు ప్రయోగములు, చర్చ నడుపుటకు ఒక తోటి ఉపాధ్యాయుడు అందులో చేరియుండిరి. తరువాత 2004లో శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ ఉపగ్రహము ఎగసినది. 2017లో దీక్షా అను డిజిటల్ వేదిక వెలసినది. పరికరములు ఇట్లు మారుచునే యున్నవి. ఉపాధ్యాయునికి కావలసిన మనిషితోడు మాత్రము అన్నిచోట్లను అందుట లేదు.

బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అను అమెరికా విద్యావేత్తలు 1980లో ఉపాధ్యాయ శిక్షణలపై జరిగిన పరిశోధనలను సమీక్షించిరి. సిద్ధాంతము వినుట, ఒకరు చేయగా చూచుట, తాము అభ్యసించుట, ఈ మూడును అవసరమే. అయినను నేర్చినది తరగతిలో నిలుకడగా ఆచరణకు వచ్చుటకు, అచ్చటనే వెన్నంటి తోడ్పడువారు కావలెనని వారు తేల్చిరి. అట్టి తోడునే నేడు మెంటరు అందురు. మనము మార్గదర్శి యందము.

ఈ మార్గదర్శి చేయు పని యేమి? చంద్రకళల పాఠమును తీసికొందము. భూమి నీడ పడుటవలన చంద్రుడు తరుగునని చాలమంది పిల్లలు తలతురు. నీడ పడునది గ్రహణమునాడు. సూర్యకాంతి చంద్రగోళమున సగమును వెలిగించుచుండును. చంద్రుడు భూమిచుట్టు తిరుగుచుండగా ఆ వెలుగు సగములో మనకు కనబడు భాగము హెచ్చుచు తగ్గుచు నుండును. కదలు బొమ్మ దీనిని రెండు నిమిషములలో చూపును. పిల్లలు "తెలిసినది" అందురు. కాని తమ పాత తలంపును అట్లే ఇంటికి తీసికొనిపోవుదురు.

కావున మార్గదర్శి ముందునాడే ఉపాధ్యాయినితో కూర్చుండి, "అమ్మా, ఈ బొమ్మను మీరు ఎచ్చట ఆపదలచినారు?" అని అడుగును. ఇద్దరును ఆలోచింతురు. సగము చంద్రుడు కనబడినచోట బొమ్మను ఆపుట, నాలుగు దినముల తరువాత చంద్రుడు ఎట్లుండునో పిల్లలచేత నోటుపుస్తకములో గీయించుట, అటుపై మిగిలిన బొమ్మ చూపుట అని నిర్ణయింతురు. కరెంటు పోయినచో? ఒక తెల్లని బంతి, ఎండపడు కిటికీ సిద్ధముగా నుండును. పాఠము యంత్రముపై ఆధారపడలేదని తెలిసినప్పుడు భయము సగము తీరును.

మరునాడు మార్గదర్శి కడపటి బల్లపై కూర్చుండును. బొమ్మ రాకపోయినను తాను లేవడు. లేచి సరిచేసినచో ఆనాటి పాఠము సాగును గాని, ఆమె మరల బీరువాకు తాళము వేయుదురు. అతడు గమనించునది పిల్లలను. ప్రశ్న వేసిన తరువాత వారికెంత వ్యవధి దొరికినది? ప్రశ్న వేసి ఉపాధ్యాయులు సాధారణముగా ఒక్క సెకను మాత్రమే ఆగుదురనియు, మూడు సెకనులు ఆగినచో పిల్లల జవాబులు దీర్ఘమై, ఆలోచనతో కూడియుండుననియు మేరీ బడ్ రో అను పరిశోధకురాలు 1970ల దశకములో చూపినారు. తెర వెలుగుచున్నప్పుడు ఆ మూడు సెకనులు ఆగుట మరింత కష్టము.

పాఠము ముగిసిన పిదప ముందు మాటాడవలసినది ఉపాధ్యాయిని. "ఎచ్చట బాగున్నది? ఎచ్చట పిల్లలు తప్పిపోయినారు?" అని మార్గదర్శి అడుగును. పది లోపములు లెక్కపెట్టడు. వచ్చువారము మార్చదగినది ఒక్కటి ఇద్దరును ఏర్పరచుకొందురు. అతడు వ్రాసికొన్న కాగితము పైఅధికారులకు పోరాదు. పోయిననాడు అతడు తనిఖీదారు. తడబాటును అతనియెదుట ఎవరును బయటపెట్టరు. తన తరగతికి కూడ ఆమెను పిలిచి, తాను తడబడుటను చూడనిచ్చినవాడే మంచి మార్గదర్శి. కొన్ని నెలలకు అతని రాకయే అవసరము కాకుండవలెను.

ఉపాధ్యాయులు ఏటా కనీసము 50 గంటలు వృత్తి శిక్షణలో పాల్గొనవలెనని 2020 జాతీయ విద్యా విధానము కోరినది. అందులో కొన్ని గంటలైనను సభామందిరములలోగాక, వారి సొంత తరగతి గదులలో, ఇట్టి తోడుతో గడచుట మేలు. దీనికి పెద్ద వ్యయము లేదు. ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు ఇద్దరికి నెలకు రెండు పీరియడ్లు తీరిక కల్పించినచో చాలును.

ఇంటిలోని పెద్దలకును ఒక పని కలదు. "ఈ దినము మా టీచరుకు మెషీను పెట్టుట రాలేదు" అని మీ అబ్బాయి నవ్వుచు వచ్చినచో, మీరు నవ్వకుడు. "మరి నీవు సాయము చేసితివా?" అని అడుగుడు. నేర్చుకొనుచున్న పెద్దవారిని చూచుట కూడ పిల్లలకు ఒక పాఠమే.