ముళ్ళతీగ ఎవరిది?

మీ ఊళ్ళో తెలివిగలవాళ్ళు ఎందరున్నారో లెక్క చెప్పమంటే మీరేం చేస్తారు? తలలు లెక్కపెట్టవచ్చును గాని, తలలో ఉన్నది లెక్కపెట్టటం ఎలా? పెద్దవాళ్ళు దీనికొక ఉపాయం కనిపెట్టారు. కొత్త వస్తువు కనిపెట్టినవాడు దాని వివరాలు రాసి, బొమ్మ గీసి, ప్రభుత్వానికి దరఖాస్తు పెడతాడు. అది నిజంగా కొత్తదే అయితే, కొన్నేళ్ళపాటు అతని అనుమతి లేకుండా మరెవరూ దాన్ని చేసి అమ్మకుండా ప్రభుత్వం హక్కు ఇస్తుంది. అదే పేటెంటు. ఏ జిల్లాకు ఎన్ని పేటెంట్లు వచ్చాయో చూస్తే, అక్కడ ఎన్ని కొత్త ఆలోచనలు పుడుతున్నాయో తెలిసిపోతుందని కొందరి అభిప్రాయం.

నిజంగా తెలుస్తుందా? ఒక పల్లెటూళ్ళ జిల్లా కథ వినండి.

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలో డికాల్బ్ అనే కౌంటీ ఉన్నది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే. నూటయాభై ఏళ్ళ కిందట అక్కడ ఎక్కువమంది రైతులే. నేల మంచిదే గాని, కంచె వేయటానికి చాలినంత కలప లేదు, రాయీ లేదు. నున్నటి ఇనప తీగ కడితే పశువులు ఒరుసుకుని ఒరుసుకుని దాన్ని తెంచి చేలో పడేవి. చేతికొచ్చిన పంట పశువుల పాలైతే ఆ రైతు పిల్లలు ఏడాదంతా ఏం తినాలి?

1873లో ఆ కౌంటీ ప్రదర్శనంలో హెన్రీ రోజ్ అనే రైతు ఒక పొడుగాటి చెక్క పెట్టాడు. దానినిండా వాడి మొనలు. కంచెకు దాన్ని తగిలిస్తే పశువు దగ్గరికి రాదు. దానికి అతను అదివరకే పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ చెక్కను ముగ్గురు మనుషులు శ్రద్ధగా చూశారు. జోసెఫ్ గ్లిడెన్ అరవై ఏళ్ళ రైతు. ఐజాక్ ఎల్వుడ్‌ది ఇనప సామాన్ల కొట్టు. జేకబ్ హైష్ కలప వ్యాపారి. ముగ్గురికీ ఒకటే ఆలోచన తట్టింది: ముళ్ళు చెక్కకెందుకు, తీగకే ఉంటే?

గ్లిడెన్ కాఫీ గింజలు పొడిచేసే మరను కాస్త మార్చి, దానితో తీగను మెలిపెట్టి ముళ్ళు చేశాడు. ముల్లు తీగమీద అటూ ఇటూ జారకూడదు గదా! అందుకని రెండో తీగ తీసుకుని, మొదటిదానితో కలిపి పేనాడు. తిప్పటానికి సానరాయి పనికివచ్చింది. మీరు తాడు పేనటం చూసే ఉంటారు, ఇదీ అంతే. రెండు తీగల మధ్య ముల్లు బిగుసుకుపోయింది. 1874 నవంబరు 24న దానికి పేటెంటు వచ్చింది.

ఎల్వుడ్ కూడా సొంతంగా ఒక తీగ చేసి పేటెంటు తీసుకున్నాడు. కాని గ్లిడెన్ తీగను చూశాక అదే మెరుగని ఒప్పుకుని, 265 డాలర్లిచ్చి అందులో సగం వాటా కొన్నాడు. పంతానికి పోనందుకు అతన్ని మెచ్చుకోవలసిందే. హైష్ మాత్రం ఒప్పుకోలేదు. తన పేటెంట్లు తనకున్నాయి. ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడాడు.

ఇప్పుడు లెక్కవేయండి. రెండేళ్ళలో ఒక్క కౌంటీ నుంచి నలుగురికి పేటెంట్లు! మరి కొత్త ఆలోచనలు నాలుగా, ఒక్క చెక్క పెట్టిన పిల్లలా?

ఇంకో చిక్కు. 1876లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్నంలో ఉన్న వాష్‌బర్న్ అండ్ మోయెన్ కంపెనీ, గ్లిడెన్ సగం వాటాను 60,000 డాలర్లకు కొన్నది. 1880 వచ్చేసరికి అమెరికాలో ఏడాదికి ఎనిమిది కోట్ల పౌన్ల ముళ్ళతీగ తయారయింది. కనిపెట్టినవాడి ఊరు చూస్తే ఆ పేటెంటు డికాల్బ్‌ది. సొంతదారు ఊరు చూస్తే సగం వూస్టర్ లెక్కలోకి పోతుంది. అమెరికా పేటెంటు ఆఫీసు జిల్లాల వారీ లెక్కలు వేసేటప్పుడు కనిపెట్టినవాడి ఊరే చూసింది. ఆ పద్ధతే నయం.

అన్నిటికన్న పెద్ద చిక్కు కోర్టులో బయటపడింది. అయోవా రాష్ట్రంలో డెల్హీ అనే చిన్న ఊరున్నది. మన ఢిల్లీ పేరే! 1858-59 ప్రాంతంలోనే ఆ ఊరి ప్రదర్శనంలో ఒకతను ముళ్ళతీగ కంచె పెట్టాడనీ, తాము కళ్ళారా చూశామనీ ఇరవైమందికి పైగా సాక్ష్యం చెప్పారు. అతను దానికి పేటెంటు తీసుకోలేదు. ముప్ఫై ఏళ్ళనాటి జ్ఞాపకాలను నమ్మటం కష్టమని 1892లో అమెరికా సుప్రీం కోర్టు గ్లిడెన్ పక్షానే తీర్పు చెప్పింది. చిత్రమేమంటే, పదిహేడేళ్ళ గడువు తీరి ఆ పేటెంటు 1891లోనే ముగిసిపోయింది.

సాక్షులు చెప్పింది నిజమే అయినా, డెల్హీ కంచె ఏ కౌంటీ పేటెంట్ల లెక్కలోనూ లేదు.