ఇంటి బడికి సైన్సు చరిత్ర

19వ శతాబ్దపు ఇంగ్లండులో మధ్యతరగతి ఆడపిల్లల చదువు చాలావరకు ఇంట్లోనే సాగేది. తల్లి చెప్పాలి, లేదా గవర్నెస్ చెప్పాలి. ఫ్రెంచి, సంగీతం నేర్పేవాళ్లు దొరికేవారు. సైన్సు దగ్గరకొచ్చేసరికి ఇబ్బంది. అలాంటి ఇళ్లకు ఎంతో అక్కరకొచ్చిన రచయిత్రి అరబెల్లా బక్లీ.

ఆమె 1840లో బ్రైటన్‌లో పుట్టింది. 1864లో భూవిజ్ఞాని చార్లెస్ లయెల్‌కు సెక్రటరీగా చేరింది. ఆయనకు చూపు తక్కువ, రాతపనికి తోడు కావాలి. ఆ కొలువులో ఉండగానే డార్విన్, వాలెస్ లాంటి శాస్త్రవేత్తలతో పరిచయం కలిగింది. బాగా చదువుకున్నవాళ్లకు కూడా సైన్సులో ముఖ్యమైన సంగతులు తెలియకపోవడం ఆమెను కలచివేసింది. 1875లో లయెల్ చనిపోయాడు. మరుసటి ఏడాదే గ్రీకుల కాలం నుంచి తన కాలం దాకా ప్రకృతి శాస్త్రాల చరిత్ర చెప్పే పుస్తకాన్ని జాన్ మరే సంస్థ ద్వారా వెలువరించింది. డార్విన్ చదివి, మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు.

పిల్లలకు నేరుగా సైన్సు చెప్పక చరిత్ర ఎందుకు? ఆమె చెప్పిన కథల్లోదే ఒకటి చూడండి. గాలికి బరువుంటుందని పాఠంలో ఒక్క వాక్యం చదివితే పిల్లలు బట్టీపట్టి ఊరుకుంటారు. అదే విషయం చరిత్రగా చెబితే ముందు ఒక చిక్కు ఎదురవుతుంది: పీల్చే పంపు నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎందుకు లాగలేదు? నీటిని పైకి నెట్టేది బయటి గాలి బరువేనని ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి ఊహించాడు. అదే నిజమైతే, నీటికన్నా 13 రెట్లకు పైగా బరువున్న పాదరసం అంతకు అన్ని రెట్లు తక్కువ ఎత్తులోనే ఆగిపోవాలి. 1640లలో గాజు గొట్టంతో చేసిన ప్రయోగంలో అది సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. 1648లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ సలహాపై ఆయన బావ పెరియే పాదరస గొట్టంతో కొండెక్కాడు. పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగింది, ఎందుకంటే కొండ మీద నెత్తిన ఉండే గాలి తక్కువ. ఇలా చదివిన పిల్లకు జవాబుతో పాటు, ఆ జవాబు నిజమని ఎలా తేలిందో కూడా తెలుస్తుంది. పక్కన సైన్సు తెలిసిన గురువు లేని ఇంట్లో ఇది చిన్న సాయం కాదు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

తర్వాత బక్లీ పిల్లలకిచ్చిన ఉపన్యాసాలు 1879లో ‘ఫెయిరీల్యాండ్ ఆఫ్ సైన్స్’ అయ్యాయి. ఇంటి చదువును ఒక పద్ధతిలో పెట్టిన షార్లెట్ మేసన్, 1891లో ఇళ్లకు పాఠ్యప్రణాళికలు, పరీక్ష పత్రాలు తపాలాలో పంపే ఏర్పాటు మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకాలుగా ఆమె ఎంచుకున్నవాటిలో బక్లీ పుస్తకాలూ ఉన్నాయి. మేసన్ పద్ధతి పాటించే హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు వాటిని నేటికీ చదివిస్తున్నాయి.

వాడేవాళ్లు ఒకటి గమనించాలి. 1876 నాటి పుస్తకంలో రేడియోధార్మికత ఉండదు, సాపేక్ష సిద్ధాంతం ఉండదు. ఆ భాగానికి మరో పుస్తకం పక్కన పెట్టుకోవాలి. ఇంగ్లిష్ చదవగల పిల్లలకు అమెరికా రచయిత్రి జాయ్ హకీమ్ 2004 నుంచి 2007 మధ్య తెచ్చిన మూడు సంపుటాల ‘స్టోరీ ఆఫ్ సైన్స్’ ఉంది. అది ప్రాచీన కాలంతో మొదలై ఐన్‌స్టీన్‌ను దాటి వస్తుంది.