చంద్రగిరి రాజముద్రిక

తిరుపతికి సమీపమందున్న చంద్రగిరి దుర్గంలోని రాజమహలును చూచినవారు అనేకులు. ఆ కోట నుండి ఏలిన ఆరవీటి రాజుల బిరుదు ఎవరి నుండి ఎవరికి, ఏ విధంగా సంక్రమించినదో ఎరిగినవారు మాత్రం కొందరే. 1565లో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగర చరిత్ర ముగిసినదని భావించే విద్యార్థికి, ఆ సింహాసనం మరి ఎనుబది ఏండ్లు నిలిచినదంటే ఆశ్చర్యం కలుగుతుంది.

యుద్ధానంతరం తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు మార్చినాడు. 1586లో పట్టమెక్కిన ఆయన కుమారుడు వేంకటపతిరాయలు చంద్రగిరిలోను, అనంతరం వేలూరులోను కొలువుదీరినాడు. పూర్వపు దానశాసనాల చివర కనిపించే ‘శ్రీవిరూపాక్ష’ స్థానంలో ఈయన ‘శ్రీవేంకటేశ’ అని వ్రాయించినాడు. ఈయన లోహప్రతిమ నేటికిని తిరుమల ఆలయంలో ఉన్నది. సుమారు ఇరువదియెనిమిది ఏండ్లు సమర్థంగా పాలించిన ఈ ప్రభువుకు అనేకులు రాణులున్నను పుత్రసంతానం లేదు.

రాజుకు కొడుకు లేనపుడు ‘రాజాధిరాజ రాజపరమేశ్వర’ అన్న బిరుదు ఎవరికి చెందవలెను? తమ్మునికా, అన్న కొడుకుకా, రాజు కోరినవానికా? మూడింటికిని పూర్వోదాహరణలు కలవు. కాని అందరును తలవంచదగిన ఒక్క నియమం లేదు. అనర్థానికి బీజం అక్కడనే పడినది.

ఆనాటి వృత్తాంతాన్ని బర్రదాస్ అను పోర్చుగీసు జెసూట్ మతాచార్యుడు 1616 డిసెంబరు 12న కొచ్చి నుండి వ్రాసిన లేఖలో వివరించినాడు. గొబ్బూరి వంశపు రాణి ఒకతె గర్భం నటించి, ఒక బ్రాహ్మణశిశువును తెప్పించి తన బిడ్డగా చాటినదట. రాజు నిజం తెలిసియు పిల్లవానిని గారాబంగా పెంచినాడు, కాని వారసునిగా ప్రకటించలేదు. 1614లో మరణశయ్యపై ఉండి తన సోదరుని కుమారుడైన శ్రీరంగరాయలను పిలిపించి రాజముద్రికను అతని కిచ్చినాడు. మూడు దినాలకు కన్నుమూసినాడు.

ముద్రిక చేతికి వచ్చినది గాని రాజ్యం చేతికి రాలేదు. గొబ్బూరి జగ్గరాయడు రాణి పెంచిన బాలుని పక్షం వహించి శ్రీరంగరాయలను సకుటుంబంగా బంధించినాడు. సామంతులలో పెక్కురు జగ్గరాయనికి లొంగిపోయిరి. వెలుగోటి యాచమనాయుడు ఒక్కడు లొంగలేదు. చెరలోని రాజకుమారులలో రెండవవాడైన పన్నెండేండ్ల రాముని, కోటలో బట్టలుతికే రజకుని సాయంతో, మైలబట్టల మూటలో దాచి వెలుపలికి తెప్పించినాడు. తరువాత కొంతకాలానికి శ్రీరంగరాయలు, అతని కుటుంబం చెరలోనే ఘోరంగా అంతమైపోయిరి. ఆ మూట బయటపడకున్నచో ఆ శాఖ అక్కడితో నశించెడిది.

తరువాత దక్షిణదేశమంతయు రెండు పక్షాలైనది. మధుర, సెంజి నాయకులు జగ్గరాయని వైపు. తంజావూరి రఘునాథనాయకుడు యాచమనాయుని వైపు. 1616–17లో తిరుచిరాపల్లి సమీపాన తోపూరు వద్ద జరిగిన మహాయుద్ధంలో జగ్గరాయడు హతుడైనాడు. బాలుడు రామదేవరాయలు రాజైనాడు. ఈ విజయాన్ని రామభద్రాంబ తన సంస్కృతకావ్యమైన ‘రఘునాథాభ్యుదయం’లో కీర్తించినది. యాచమనాయుని పరాక్రమాన్ని తెలుగున ‘వెలుగోటివారి వంశావళి’ భద్రపరచినది.

ఇట్టి కలహాలు మన దేశానికే పరిమితం కావు. ఫ్రాన్సు దేశాన బ్రిటనీ ప్రభువు మూడవ జాన్ 1341లో సంతానం లేక మరణించగా, ఆ డ్యూకు పదవి సోదరుని కుమార్తె జీన్‌కు చెందవలెనా, సవతి సోదరుడైన మోంట్‌ఫోర్ జాన్‌కు చెందవలెనా అను వివాదం పుట్టినది. ఆమె పక్షాన ఫ్రెంచిరాజు, అతని పక్షాన ఆంగ్లరాజు నిలువగా ఇరువదిమూడేండ్లు యుద్ధం సాగినది. 1364లో ఓరే యుద్ధం, మరుసటి ఏట సంధి జరిగి పదవి మోంట్‌ఫోర్ వంశానికి దక్కినది. ఇంటి తగవులో పరరాజులు ప్రవేశించుట అక్కడను తప్పలేదు.

చంద్రగిరి వంశానికిని అదే గతి పట్టినది. రామదేవరాయలకు వారసులు లేకపోవుటచే బిరుదు అళియ రామరాజు మనుమడైన పెదవేంకటరాయలకు చెందినది. ఆయన సోదరుని కుమారుడు శ్రీరంగరాయలు బిజాపూరు సైన్యాన్ని తోడు తెచ్చుకొని ఆయనపైనే తిరుగబడినాడు. 1642లో అతడే రాజైనాడు. తాను తోడు పిలిచిన బిజాపూరు, గోలకొండ సైన్యాలు తరువాత అతని రాజ్యాన్నే కబళించినవి. ఈ మధ్యనే, 1639లో, దామెర్ల వేంకటప్పనాయకుడు చెన్నపట్టణపు తీరభూమిని ఆంగ్లవర్తకులకు ఇచ్చినాడు. 1645లో వారు శ్రీరంగరాయల నుండి కూడ శాసనం పొందిరి. నేలపై పట్టు సడలిపోవుచున్నను ఆ బిరుదుతో వెలువడిన పత్రానికి విలువ ఉండినదన్నమాట.

వారసత్వానికి వంశం, ముద్రిక, ఖడ్గం మూడును ఆధారాలని పెద్దలు తలచిరి. 1614లో ఈ మూడును ఒకరి చేతిలో లేవు. ఆ వంశాంకురాన్ని నాడు కాపాడినది ఒక మైలబట్టల మూట. దానిని మోసిన రజకుని పేరు బర్రదాస్ లేఖలో లేదు. బిరుదులు మోసిన వారి పేర్లు మాత్రం శాసనాల నిండ ఉన్నవి.