కంప్యూటర్ పోయిందా... కరెంటు రావట్లేదా?

కారు కదలనంది. మెకానిక్ వచ్చి చూసి ‘కంప్యూటర్ పోయింది, మార్చాల్సిందే’ అన్నాడు. ఖర్చు వేలల్లో! ఆగండి. ఆ మాటకు తలూపేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కంప్యూటర్‌కి అసలు కరెంటు అందుతోందా?

పెళ్లి ముహూర్తం తొమ్మిదింటికి. వంద కిలోమీటర్లు వెళ్లాలి. తెల్లవారుజామున అయిదింటికే ఇంటిల్లిపాదీ తయారై కారెక్కారు. అమ్మ చేతిలో పూల సంచి, తాతయ్య ఒళ్లో కానుక డబ్బా. నాన్న తాళం తిప్పాడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది కానీ ఇంజిన్ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ట్యాంకులో సగానికి పైగా పెట్రోలుంది. మరేమైనట్టు? పిలవగానే వచ్చిన మెకానిక్ స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు. ఇంజిన్ కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. ‘ఈసీఎం పోయినట్టుంది సార్’ అంటూ పెదవి విరిచాడు.

ఇలాంటి ఉదయం చాలా ఇళ్లకు అనుభవమే. మెకానిక్ మాట నిజమైతే చేసేదేమీ లేదు. కానీ కాకపోతే? వేలు పోసి కొత్తది బిగించాక కూడా కారు మొండికేస్తే? అలా జరగడం అరుదేం కాదు. ఎందుకంటే పలకని కంప్యూటర్లన్నీ చచ్చిపోయినవి కావు. వాటిలో కొన్ని ఆకలితో సొమ్మసిల్లినవి.

బోనెట్ కింద మెదడు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఈ బెంగ లేదు. పెట్రోలునీ గాలినీ కలిపే పని కార్బురేటర్‌ది. అది మొరాయిస్తే విప్పి, ఊది, మళ్లీ బిగించేవారు. 1998లో వచ్చిన శాంత్రో లాంటి కార్లతో మన రోడ్లమీద ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ల హవా మొదలైంది. కాలుష్య నిబంధనలు బిగుసుకునే కొద్దీ కార్బురేటర్ కనుమరుగైంది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక కంప్యూటర్ లేని కొత్త కారన్నదే లేకుండా పోయింది.

ఎంత పెట్రోలు చిమ్మాలి, ఏ క్షణాన నిప్పురవ్వ రాజేయాలి... ఈ లెక్కలన్నీ ఈసీఎం అనే చిన్న పెట్టెవే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంటే సెకనుకి వంద నిప్పురవ్వలు కావాలి. ఒక్కటి ముందూ వెనకా కాకూడదు. అంత పని చేసే పెట్టెకి నిలకడైన కరెంటు కావాలి. అది అందకపోతే సెన్సర్లు, ఇంజెక్టర్లు, స్పార్కు ప్లగ్గులు అన్నీ బాగున్నా కారు గుడ్లప్పగించి చూడాల్సిందే.

తిండి అందే దారులు

చాలా కార్లలో ఈసీఎంకి కరెంటు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, బ్యాటరీ నుంచి నేరుగా. కారు ఆపేసినా ఇది ఉంటుంది. కంప్యూటర్ నేర్చుకున్న విషయాల్ని గుర్తుపెట్టుకునేది దీనివల్లే. రెండోది, తాళం తిప్పినప్పుడు వచ్చేది. ‘యజమాని వచ్చాడు, నిద్రలే’ అని తట్టిలేపడమే దీని పని. అలా లేచిన ఈసీఎం మెయిన్ రిలే అనే చిన్న స్విచ్చుని లాగుతుంది. అప్పుడు మూడో దారిలో అసలు కరెంటు వస్తుంది. ఈసీఎంకీ, ఇంజెక్టర్ల వంటివాటికీ బలం దీన్నుంచే.

ఇక నాలుగోది, అందరూ మరిచిపోయేది... ఎర్త్. వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్తేనే పని జరుగుతుంది. ఆ తిరుగు దారి ఇంజిన్‌కో బాడీకో బిగించిన ఓ బోల్టు మీద ఆధారపడి ఉంటుంది. వానకీ చెమ్మకీ ఆ బోల్టు తుప్పు పడితే అంతే సంగతులు. ఈ నాలుగింటిలో ఏది తెగినా బయటికి కనిపించే లక్షణం ఒకటే. కారు స్టార్టవదు. అందుకే అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఈసీఎం పెట్టె జోలికి చివర్న గానీ వెళ్లడు.

వరుసగా చూస్తే...

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. తాళం ఆన్ చేసి మీటర్ల వైపు చూడాలంతే. పసుపురంగు ఇంజిన్ బొమ్మ లైటు వెలగాలి. స్టార్టయ్యాక ఆరిపోవాలి. చాలామంది ఆ లైటు వెలిగితే భయపడతారు. కానీ తాళం ఆన్ చేసినప్పుడు అసలు వెలగకపోతేనే ఎక్కువ అనుమానించాలి. ఈసీఎం నిద్రలేవలేదనడానికి అదో గుర్తు. చాలా పెట్రోలు కార్లలో అదే సమయంలో వెనకసీటు కిందనుంచి రెండు సెకన్లపాటు ‘జుయ్’మని పంపు చప్పుడు వినిపిస్తుంది. అదీ లేకపోతే అనుమానం బలపడినట్టే.

తర్వాత బ్యాటరీ. పూర్తి ఛార్జింగుతో ఊరికే ఉన్న బ్యాటరీ మల్టీమీటర్‌లో దాదాపు 12.6 వోల్టులు చూపాలి. 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టే. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు తొమ్మిదిన్నర, పది వోల్టులకన్నా కిందికి దిగకూడదు. దిగితే సెల్ఫ్ ఎలాగో ఓలాగ తిరిగినా ఈసీఎం మధ్యలో మూర్ఛపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తక్కువుంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయట్లేదు. మరీ ఎక్కువైతే ఈసీఎంకే ముప్పు.

ఆ తర్వాత ఫ్యూజులు. కంటికి బాగానే కనిపించే ఫ్యూజులోనూ సన్నని పగులుండొచ్చు. అందుకే టెస్ట్‌ల్యాంప్‌తో రెండు వైపులా ముట్టించి చూడాలి. రెండువైపులా వెలగాలి. ఫ్యూజు కాలిపోయి ఉంటే కొత్తది వేస్తారు సరే, అదీ కాలిపోతే? ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. ఇంకా ఎక్కువ ఆంపియర్లది వేయడమో, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడమో చేస్తే ఈసారి కాలేది వైరింగే.

ఆపైన రిలే. తాళం ఆన్ చేసినప్పుడు వేలు ఆనించి చూస్తే ‘టిక్’మన్న కదలిక తెలుస్తుంది. టిక్‌మన్నంత మాత్రాన లోపలి కాంటాక్టులు బాగున్నాయని కాదు. పెట్టెలో అదే నంబరున్న మరో రిలే, హారన్‌ది లాంటిది ఉంటే దాన్ని ఇక్కడ పెట్టి చూడటం పాతకాపుల చిట్కా. కారు స్టార్టయిందంటే కొన్ని వందల రూపాయల్లో పని పూర్తయినట్టే.

స్కానర్ కూడా ఓ సాక్షే. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు, 4వ పిన్నుకి ఎర్త్ ఉంటాయి. స్కానర్ అసలు వెలగకపోతే ముందు ఆ సాకెట్ ఫ్యూజుని చూడాలి. వెలిగి, బ్రేకుల ఏబీఎస్‌తో మాట్లాడుతూ ఇంజిన్ కంప్యూటర్‌తో మాత్రం మాట్లాడలేకపోతే ఈసీఎంకొచ్చే కరెంటుని, ఎర్త్‌ని, వాటి మధ్య వైర్లని అనుమానించాలి. మాట్లాడగలిగితే కోడ్లు చెబుతుంది. పి0562 అంటే వోల్టేజి తక్కువ, పి0563 అంటే ఎక్కువ, పి0685 అంటే మెయిన్ రిలేని నడిపే దారిలో లోపం. అయితే కోడ్ చెప్పేది ఏ వీధిలో దొంగ పడ్డాడన్నదే. ఏ ఇంట్లో అన్నది మనిషే వెతకాలి.

మీటరూ మోసం చేస్తుంది

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఈసీఎం కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. ‘కరెంటొస్తోంది కాబట్టి పెట్టే పోయింది’ అని తేల్చేస్తారు. కానీ మీటర్ లాగే కరెంటు చాలా చాలా తక్కువ. వైరులోని పాతిక పోగుల్లో ఇరవై నాలుగు తెగి ఒక్కటే మిగిలినా మీటర్‌కి అది చాలు. ఈసీఎం, ఇంజెక్టర్లు కలిసి పనిచేయడానికి మాత్రం చాలదు. కుళాయి కింద గ్లాసు పెడితే నిండుతుంది కానీ బకెట్ పెట్టి, పక్కింటివాళ్లూ కుళాయి తిప్పితేనే కదా పైపు సత్తా తెలిసేది!

అందుకే బరువు పెట్టి చూడాలి. కప్లర్ దగ్గర కరెంటు వైరుకీ ఎర్త్ వైరుకీ మధ్య టెస్ట్‌ల్యాంప్ పెడితే అది ప్రకాశవంతంగా వెలగాలి. మిణుకుమంటే దారిలో ఎక్కడో అడ్డు ఉందన్నమాట. ఇంకా కచ్చితంగా తెలియాలంటే కప్లర్ బిగించే ఉంచి, తాళం ఆన్‌లో పెట్టి, మీటర్ ఒక పుల్లని ఈసీఎం ఎర్త్ వైరుకీ రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కీ ఆనించాలి. అంతా బాగుంటే సున్నాకి దగ్గరగా, మహా అయితే 0.1 వోల్టు చూపుతుంది. అర వోల్టో వోల్టో చూపితే ఎర్త్‌లో తుప్పున్నట్టే. తప్పు తెలిశాక పని తేలికే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, గట్టిగా బిగిస్తే సరి!

అయిదు వోల్టుల తంటా

మరికొన్నిసార్లు కరెంటు, ఎర్త్ రెండూ సవ్యంగానే ఉంటాయి. అయినా ఈసీఎం లేవదు. అప్పుడు చూడాల్సింది అయిదు వోల్టుల దారి. బయటినుంచొచ్చిన 12 వోల్టుల్ని ఈసీఎం లోపల అయిదుకి తగ్గించి సెన్సర్లకు పంచుతుంది. వాటిలో ఏ ఒక్క సెన్సర్ లోపల షార్టయినా, దాని వైరు బాడీకి తగిలినా ఆ అయిదు వోల్టులూ పడిపోతాయి. కొన్ని కార్లలో దాంతో కంప్యూటరే స్తంభించిపోతుంది. చూసేవారికి అచ్చం పెట్టె పోయినట్టే ఉంటుంది.

దీనికి విరుగుడు ఓపికే. సెన్సర్ కప్లర్ దగ్గర మీటర్ పెట్టి, సెన్సర్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏది ఊడదీయగానే మీటర్ మళ్లీ అయిదు చూపిందో అదే దొంగ. ఈసీఎం ఖరీదులో చిన్న వంతుతో సమస్య తీరిపోతుంది.

డబ్బే కాదు... ప్రాణమూ

ఇంటి ముందే ఆగిపోతే పోయేది డబ్బూ ముహూర్తమూ. నడిరోడ్డు మీద వేగంగా వెళ్తుండగా కరెంటు తెగితే? అమెరికాలో జరిగిందదే. 2010లో జార్జియా రాష్ట్రంలో ఓ యువతి, నడుపుతుండగా కారు దానంతటదే ఆగిపోతోందని డీలర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇంధనం వచ్చే దారిని శుభ్రంచేసి తిరిగిచ్చారు. ఆ వెంటనే జరిగిన ప్రమాదంలో ఆమె ప్రాణాలు కోల్పోయింది. కుటుంబం తరఫు లాయర్ నియమించిన ఇంజినీరు తాళం తిరిగే ఇగ్నిషన్ స్విచ్చుని విప్పి, దుకాణంలో కొన్న కొత్త స్విచ్చుతో పోల్చి చూశాడు. లోపలి చిన్న ప్లంజరూ స్ప్రింగూ వేరుగా ఉన్నాయి. పార్టు నంబరు మాత్రం ఒకటే! పాతదాంట్లో పట్టు తక్కువ. మోకాలు తగిలినా, గుత్తి బరువెక్కువైనా తాళం జారిపోయేది. అంతే... ఇంజిన్ ఆగేది, స్టీరింగ్ బరువెక్కేది, ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేవి కావు.

2014లో జనరల్ మోటార్స్ ఈ లోపంతో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. 124 మరణాలకు నష్టపరిహారం చెల్లించాల్సి వచ్చింది. ఆగిపోయేది ఇంజిన్ కాబట్టి డీలర్ దగ్గర ఇంధనం దారినే చూశారు.

అలాగని ఈసీఎం ఎప్పుడూ నిర్దోషే అనీ కాదు. టయోటా 2010లో అమెరికా, కెనడాల్లో అమ్మిన 2005-2008 మోడళ్ల కొరోలా, మ్యాట్రిక్స్ కార్లను 11 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. వాటి ఈసీఎంలో కొన్నిచోట్ల టంకం పగిలి, కారు నడుస్తూ ఆగిపోయే ప్రమాదముందని తేలడమే కారణం. వాన నీళ్లు చేరినా, జంప్‌స్టార్ట్‌లో ప్లస్సూ మైనస్సూ తారుమారైనా పెట్టె పాడవ్వచ్చు. కరెంటు, ఎర్త్, అయిదు వోల్టులు... మూడూ బరువు మీద నిగ్గుతేలాక కూడా అది పలకకపోతే అప్పుడు మార్చాల్సిందే. కొత్తదానికి ప్రోగ్రామింగ్ చేయాలి, తాళంతో జత కలపాలి. అదంతా అదనపు ఖర్చే.

ఇంట్లో పాటించగలిగేవి

* బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి చేరకుండా చూసుకోవాలి. అవి చేత్తో తిప్పితే కదలకూడదు.
* ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయించకూడదు. ‘ఛార్జింగ్ చూస్తా’నంటూ తీసే పాత పద్ధతి కంప్యూటర్ కార్లకు పనికిరాదు.
* అలారం, యాంప్లిఫయర్, పెద్ద హారన్ల కోసం ఈసీఎం వైర్లను కోసి కలపనివ్వకూడదు.
* సర్వీసింగ్‌లో ఇంజిన్ గదిలోకి ఒత్తిడి నీళ్లు కొట్టొద్దని చెప్పాలి. వారాలపాటు నిలిపి ఉంచే కారులో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయేమో చూసుకోవాలి.
* తాళానికి బరువైన గుత్తి తగిలించకపోవడం మంచిది.
* ఎయిర్‌బ్యాగుల పసుపు వైర్లనూ, హైబ్రిడ్ కార్లలోని నారింజ కేబుళ్లనూ సొంతంగా ముట్టుకోకూడదు.
* ‘ఈసీఎం పోయింది’ అంటే ‘కరెంటూ ఎర్తూ బరువు పెట్టి చూశారా? ఎన్ని వోల్టులొచ్చాయి?’ అని అడగాలి. చూసిన మెకానిక్ అంకెలు చెబుతాడు. చూడనివాడు వెళ్లి చూస్తాడు.

పెళ్లికి బయల్దేరిన ఆ నాన్నా ఆ ప్రశ్నే అడిగాడనుకుందాం. మెకానిక్ తల గోక్కుని, టెస్ట్‌ల్యాంప్ తీసి, బ్యాటరీ కింద తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గర ఆగుతాడు. పావుగంట రుద్దుడు. తాళం తిప్పగానే పసుపు లైటు వెలుగుతుంది, పంపు ‘జుయ్’మంటుంది, ఇంజిన్ అందుకుంటుంది. జీలకర్ర బెల్లం వేళకి కాకపోయినా తలంబ్రాల వేళకైనా చేరిపోవచ్చు!