పంతులుగారి చదువు

ఉద్యోగంలో కుదురుకొన్న ఉపాధ్యాయునికి చదువు ముగిసినదని లోకం అనుకుంటుంది. ఉపాధ్యాయుడు కూడ చాలసార్లు అట్లే అనుకుంటాడు. పట్టా గోడకెక్కుతుంది. పదేండ్లనాటి పాఠమే పుస్తకం తెరవకుండ నోటికి వస్తుంది. పిల్లలు మాత్రం ఏటేటా మారుతుంటారు. ఇందుకు ఆయనను నిందించి లాభం లేదు. సంసారభారం ఒక ప్రక్క, దిద్దవలసిన కాగితాల కట్టలు మరొక ప్రక్క. సాయంకాలానికి మిగిలే ఓపిక ఎంత? అయినను ఇంత భారమూ మోస్తూనే డెబ్బదియైదవ ఏటివరకు విద్యార్థిగానే ఉండిపోయిన బడిపంతులు ఒకరు తెలుగుదేశంలో ఉండినారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తిగారు.

వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా రామమూర్తిగారిని ఎరుగనివారు లేరు. ఏటా ఆగస్టు 29న, అనగా ఆయన పుట్టిన దినాన, తెలుగు భాషా దినోత్సవం జరుగుతున్నది. కాని ఆ ఉద్యమనాయకుని వెనుక ఉన్న విద్యార్థిని గురించి సభలలో ఎవరూ అంతగా చెప్పరు.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించినారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదివి, 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. కళాశాలకు పోయి చదువుకొనే భాగ్యం లేదు. బడి విడిచిన తరువాత ఇంట కూర్చుండి 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ముఖ్యవిషయంగా బి.ఏ. పూర్తిచేసినారు. పట్టా చేతికి వచ్చేసరికి పంతులుగారికి ముప్పదిమూడేండ్లు. ముఖలింగ దేవాలయపు శాసనాలను చదువవలెనని పుట్టిన కోరికతో, గురువెవ్వరూ లేకయే ప్రాచీన లిపులను కూడ నేర్చుకొన్నారు.

ఇంతవరకు చెప్పినది పట్టుదల గల యువకుని కథ. అటువంటివారు అరుదే అయినా ఇంకను కనబడతారు. ఆ తరువాతి కథ అట్టిది కాదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకుగాని ఒడియాకుగాని చుట్టం కాదు; ముండా కుటుంబానికి చెందినది. దానికి ఆనాడు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. కర్మపదాన్ని క్రియలోనే ఇమిడ్చి అంతా ఒక్క మాటగా పలికే పద్ధతి అందులో ఉన్నది. సంస్కృత వ్యాకరణం ఎంత వల్లించినవానికైనా అక్కడ దారి దొరకదు. ఆ భాషను నేర్వవలెనని పంతులుగారు సంకల్పించి, తెలుగు తెలిసిన సవరను ఇంట ఉంచుకొని, ఆతని నోటినుండి ఒక్కొక్క మాటను విని వ్రాసికొన్నారు. ఊరిలో పదిమందికి పాఠం చెప్పే పెద్దమనిషి ఇంటికి వచ్చి, అక్షరం ముక్క రానివాని యెదుట శిష్యుడై కూర్చుండినాడు. 'ఇట్లు కాదు, అట్లు పలకాలి' అని ఆ గురువు ఎన్నిసార్లు దిద్దియుంటాడో!

తాను నేర్చినదానిని ఆయన తనకే ఉంచుకొనలేదు. సవర భాషలో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో సవరపిల్లలకు బడి పెట్టించినారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకే బడి పెట్టండని కోరినారు. మన్యంలో తిరుగుతుండగా మలేరియా పట్టుకొన్నది. దానికి మితిమీరి వాడిన క్వినైను వలన చెవుడు వచ్చింది. చెవితో విని భాష నేర్చిన మనిషికి ఆ చదువే చెవులను తీసికొనిపోయినది.

ఇంతలో, 1907 ప్రాంతాన, పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్సు దొర ఒక ప్రశ్న వేసినాడు. ప్రజలు మాటలాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటి, ఎందువలన? ఆ ప్రశ్న పంతులుగారి వద్దకు వచ్చేసరికి ఆయనకు నలుబదినాలుగేండ్లు. చరిత్ర చెప్పేవాడికి ఈ గొడవ ఎందుకని ఊరకుండవచ్చును. ఆయన ఊరకుండలేదు. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్యులు సజీవభాషలను బోధించడం గురించి వ్రాసిన గ్రంథాలు తెప్పించి చదివినారు. కావ్యాలను, శాసనాలను, వ్యాఖ్యానాలను మళ్ళీ మొదటినుండి తిరగవేసినారు. ఎదిరించిన పండితులకు ఆయన ఇచ్చిన జవాబులలో ఆవేశం కన్న ప్రయోగాల పట్టికలే హెచ్చు. గ్రాంథికమే వ్రాస్తామనేవారు కూడ దానిని తప్పులు లేకుండ వ్రాయలేకపోతున్నారని వారి పుస్తకాలనుండియే ఎత్తి చూపినారు.

1911లో ఉద్యోగం విరమించినారు. నేడు ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే పనులలో ఎక్కువభాగం ఆ తరువాతివే.

ఈ సందర్భంలో మరొక వృద్ధ విద్యార్థిని తలపకుండ సాగదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు జీవితమంతా గ్రాంథికంలో వ్రాసినవారు. చిన్నయసూరి వదలిన విగ్రహాన్ని ఆ శైలిలోనే తెనిగించినవారు. అట్టివారు 1919లో, డెబ్బది దాటిన తరువాత, వ్యావహారికం కొరకు ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులైనారు; రామమూర్తిగారు కార్యదర్శి. ఆ ఏడే మే నెలలో వీరేశలింగంగారు కన్నుమూసినారు. క్రొత్తది నేర్చుకొనడం ముదిమిలో కష్టమే. కాని తానే పదిమందికి నేర్పినదానిని విడిచిపెట్టడం అంతకన్న కష్టం. దానికి జ్ఞాపకశక్తి చాలదు, గుండె కావలెను.

రామమూర్తిగారి సవర భాషా గ్రంథం 1931లో అచ్చయినది. అప్పటికి ఆయనకు అరువదియెనిమిదేండ్లు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో కలియగా, ఐదున్నర దశాబ్దాలు గడిపిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరినారు. పుస్తకాలు, కాగితాలు వెంట వచ్చినవి. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులు సమావేశమైనారు. చెవులు వినబడని ఆ వృద్ధ ఉపాధ్యాయుడు, జనం మాటలాడే తెలుగులో పత్రికలు వ్రాయండని వారిని వేడుకొన్నాడు. ఆపైన వారం దినాలకు, 22వ తేదీన, ఆయన కన్నుమూసినారు.