డేటా వాళ్లు, వ్యాపారం వాళ్లు కలిసే చోట మనకూ ఓ కుర్చీ!

'బిగ్ డేటా' అన్న మాట ఈమధ్య పేపర్లోనూ, టీవీలోనూ తరచూ వినిపిస్తోంది. కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇంట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. "అవన్నీ హైటెక్ సిటీ వాళ్ల గొడవలు, పప్పుకి పోపు పెట్టుకునే మనకెందుకు లెండి" అనుకుంటున్నారా? కాస్త ఆగండి. మీ చేనులో మిర్చికి మంచి ధర పలకాలన్నా, మీ సంఘం పెట్టే పచ్చళ్లు నాలుగూళ్లకి పోవాలన్నా ఈ మాటతో పని పడబోతోంది. కొన్నిచోట్ల ఇప్పటికే పడింది కూడా!

అసలు డేటా అంటే?

పాలు పోసిన రోజు, పోయని రోజు గోడమీది క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాం కదా, అదే డేటా. ఒక ఇంటి క్యాలెండర్ నెలాఖరు లెక్కకే పనికొస్తుంది. అదే జనగామలో ఉన్న ఇళ్లన్నిటి క్యాలెండర్లూ, పదేళ్లవి, ఒక్కచోట పోగేశారనుకోండి. ఏ పండక్కి పాలు ఎక్కువ కావాలో, ఏ నెలలో అమ్మకం తగ్గుతుందో, ఏ వీధిలో గిరాకీ పెరుగుతోందో అన్నీ అందులోనే దొరుకుతాయి. చేత్తో కూడాలంటే మాత్రం ఒక జన్మ చాలదు. ఆ గుట్టని కంప్యూటర్‌కి అప్పజెప్పి పనికొచ్చే ముక్క తీసేవాళ్లే డేటా నిపుణులు. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే. కాకపోతే ఇక్కడ రాళ్లే ఎక్కువ, గింజలు తక్కువ!

పేరంటం లాంటి సమావేశాలు

చిక్కంతా ఎక్కడంటే, లెక్క తెలిసినవాళ్లకి మార్కెట్ తెలియదు. మార్కెట్ తెలిసినవాళ్లకి ఆ లెక్క తెలియదు. మహబూబాబాద్ మిర్చి వ్యాపారి కాయ చేతిలోకి తీసుకుని, విరిచి చూసి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయికి ఆ సంగతి తెలియదు. పోయిన ఐదేళ్లలో ఏ వారం ధర పడిందో ఆ అబ్బాయి నిమిషంలో చెప్తాడు. వ్యాపారికి అది నోటికి రాదు.

వీళ్లిద్దర్నీ కలపడానికే ఊళ్లలో పరిచయ సమావేశాలు పెడుతున్నారు. నెట్‌వర్కింగ్ మీట్ అంటారు. సాయంత్రం ఆఫీసులు అయ్యాక యాభై మందో, వంద మందో చేరతారు. ఒకరు తమ వ్యాపారంలో ఉన్న ఇబ్బంది చెప్తారు, ఇంకొకరు దానికి లెక్కల్లో దారి ఎలా దొరికిందో చూపిస్తారు. తర్వాత టీ, సమోసా. అసలు పనంతా ఆ టీ దగ్గరే జరుగుతుంది! మన పేరంటాల్లో మాత్రం? వాయనం పుచ్చుకుంటూనే సంబంధాలు కుదరవూ, చీటీలు మొదలవవూ? ఇదీ అంతే.

హైదరాబాద్‌లో ఇలాంటి వాటికి పెద్ద అడ్డా టీ-హబ్. 2015 నవంబరులో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గం దగ్గర పెద్ద భవనంలోకి మారింది. ఆడవాళ్ల వ్యాపారాలకోసం ప్రత్యేకంగా 2018 మార్చి 8న వీ-హబ్ వచ్చింది. అంతకు ముందు 2017 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు కూడా 'మహిళలే ముందు' అన్న నినాదంతోనే జరిగింది. 2024 సెప్టెంబరులో కృత్రిమ మేధ మీద రెండు రోజుల అంతర్జాతీయ సదస్సు కూడా అక్కడే పెట్టారు.

మిర్చి చేలోకి వచ్చిన లెక్క

ఇవన్నీ అద్దాల మేడల్లో కబుర్లేనా అంటే, కాదు. మనకి పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' అని ఒక పథకం నడిచింది. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, డిజిటల్ గ్రీన్ అనే స్వచ్ఛంద సంస్థ, కొన్ని కొత్త కంపెనీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నందువల్లే అది పుట్టింది. సుమారు 7 వేల మంది మిర్చి రైతులకి మట్టి పరీక్ష చేశారు, సాగు సలహాలు తెలుగులోనే ఫోన్‌కి పంపారు, కాయ నాణ్యత యంత్రంతో చూశారు, కొనేవాళ్లతో కలిపారు. ఎకరానికి దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగు మందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గాయనీ, ధర 8 శాతం ఎక్కువ వచ్చిందనీ నిర్వాహకులు ప్రకటించారు. తర్వాత 2023లో దీన్ని పది జిల్లాల్లో 5 లక్షల మంది రైతులకి విస్తరించాలని నిర్ణయించారు. అదే ఏడాది ఆగస్టు 11న, రైతుల డేటాని పద్ధతి ప్రకారం ఇచ్చి పుచ్చుకోవడానికి 'అడెక్స్' అనే ఏర్పాటు కూడా మొదలైంది.

మన వైపు చపాటా మిర్చి సంగతి తెలుసు కదా! కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లకి పెట్టింది పేరు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఎరుపు ఎంత ఎరుపో అంకెల్లో చెప్పగలిగితే, కొనేవాడు బేరం ఆడటానికి వెనకాడతాడు. లెక్క చేతిలో ఉంటే నోరు దానంతటదే లేస్తుంది!

మరి మన పేరెక్కడ?

ఇక్కడే అసలు సంగతి ఉంది. కలుపు తీసేది మనం, కాయ కోసేది మనం, కల్లంలో ఎండబెట్టి తాలు ఏరేది మనం. కానీ పాసుపుస్తకం చాలా ఇళ్లల్లో ఆయన పేరు మీదే, ఫోన్ నంబరూ ఆయనదే. సలహా ఆ ఫోన్‌కే పోతుంది. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్లు నూటికి 57 మంది ఉంటే, ఆడవాళ్లు 26 మందే! కంప్యూటర్ తనకి అందిన వివరాన్నిబట్టే చెప్తుంది. మనం అందులో లేకపోతే మన చాకిరీ దాని దృష్టిలో లేనట్టే. కోత కూలి ఎంత అయింది, ఏ నెలలో చేబదులు తెచ్చారు అన్నవి ఇల్లాలికే బాగా తెలుసు. అవి లేని లెక్క సగం లెక్కే.

పైగా ఆ సమావేశాలన్నీ సాయంత్రాలే. జనగామ వాళ్లం రైలెక్కి ఎలాగో పోయి రాగలం. మహబూబాబాద్ వాళ్లకి కాజీపేట మీదుగా దూరం. భూపాలపల్లికి రైలే లేదు, హన్మకొండ దాకా బస్సులో రావాలి. పిల్లలకి అన్నం పెట్టే వేళకి మీటింగ్ పెడితే ఎవరు వెళ్తారు చెప్పండి? మనం వెళ్లలేనప్పుడు వాళ్లే రావాలి.

మనమేం చేయొచ్చు?

మన పొదుపు సంఘాల పుస్తకాలు చూడండి. హాజరు, పొదుపు, అప్పు, వాయిదా... ఏళ్ల తరబడి వారం వారం రాస్తున్నాం. ఐకేపీ కేంద్రాల్లో వడ్లు తూచి రాసిందీ మనవాళ్లే. డేటా అంటే మనకి కొత్తేం కాదన్నమాట. అందుకే ఈ నాలుగు పనులు చేసి చూడండి:

* మండల సమాఖ్య సమావేశంలో నెలకో గంట దీనికి కేటాయించండి. ఊళ్లో కంప్యూటర్ చదివిన అమ్మాయినీ, మార్కెట్ తెలిసిన వ్యాపారినీ పగటిపూటే పిలవండి.

* "మాకేమైనా చెప్పండి" అంటే ఏమీ చెప్పరు. "మా పచ్చళ్లు ఏ నెలలో మిగిలిపోతున్నాయి, ఎందుకు?" అని ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లండి.

* ఏడాది పాటు ఏం కొన్నారు, ఎంతకి అమ్మారు, ఎంత పాడైంది ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. అదే మీ పెట్టుబడి.

* ఫోన్ నంబరు, ఆధార్ ఎవరడిగితే వాళ్లకి ఇవ్వకండి. ఓటీపీ అసలే చెప్పకండి. వివరాలు ఎందుకో చెప్పి, మన అనుమతి తీసుకోవాలనీ, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చనీ 2023లో చట్టమే చేశారు. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు, దశలవారీగా అమల్లోకి వస్తాయి. "మా లెక్కతో మీకేం లాభం, మాకేం లాభం?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చదువు ఇంటర్‌తోనే ఆగిపోయిందని వెనక కూర్చోకండి. చిల్లర డబ్బాలోంచి నెల గడిపిన ఆడదానికి లెక్కలు ఒకరు నేర్పాలా? వచ్చే నెల సంఘం మీటింగ్‌లో ఆ ఒక్క ప్రశ్నా లేవనెత్తండి. మిగతా దారి అదే దొరుకుతుంది.